బోర్డు మీద అంకె

మిన్నెసోటాలో ఓ చిన్న ఊరు. క్రిస్మస్ మర్నాడు పొద్దున్న, అన్ని రకాల సరుకులూ అమ్మే దుకాణం తలుపులు తియ్యడానికి ఇంకా పది నిమిషాలుంది. యజమాని గార్డన్ వాపసుల గడువు బోర్డు మీద రాస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా వాపసుల కౌంటర్ చూసే వెర్నా పక్కనే నిలబడింది.

“తొంభై ఏంటి గార్డన్, తొంభై? చెరిపెయ్. ఏడు అని రాయి.”

“ఏడు నెలలా?”

“రోజులు.”

“వేళాకోళమా వెర్నా? వారంలోగానే వాపసు తేవాలంటే జనం హైవే మీది పెద్ద స్టోరుకి పోతారు. మా నాన్న హయాంలో అసలు గడువే లేదు.”

“అందుకేగా, జనవరిలో క్రిస్మస్ చెట్టు ఈడ్చుకొచ్చి ‘చచ్చిపోయింది, డబ్బులివ్వండి’ అంటే ఇచ్చాం.”

“నిజంగానే చచ్చిపోయింది కదండీ.”

“నరికిన చెట్టు బతుకుతుందా నాయనా? మంచు తోసే మిషను ఏప్రిల్లో తెచ్చి, ‘ఇది పని చెయ్యట్లేదు’ అన్నదెవరు?”

“టోలెఫ్సన్.”

“మంచే లేకపోతే అదేం చేస్తుంది? నాలుగేళ్ళు వాఫుల్స్ వేసుకు తిని, ఆ పెనం మన మొహాన కొట్టిందెవరు?”

“ఆయనే. పోనిద్దురూ, భార్య పోయాక పాపం ఆయనకేదీ నచ్చట్లేదు.”

“పాపమూ లేదు, ఏమీ లేదు. ఆ మనిషి కొన్నదేదీ ఉంచుకోడు.”

“సరే, ముప్పై.”

“ఏడు.”

“పధ్నాలుగు. ఇంక బేరాల్లేవు.”

“ఏడే. ఇంతకు ముందు కొన్నవాటికి కూడా ఇదే లెక్క అని కింద రాయి.”

“అది మరీ అన్యాయం! ఇన్నేళ్ళూ ఎవరేం తెచ్చినా కిక్కురుమనకుండా తీసుకున్నారు. ఇవాళ ఏమొచ్చింది మీకు?”

“బయట వరస చూశావా? ముందెవరున్నారో చూడు.”

“ఏటా ఉండేదేగా. టోలెఫ్సనే ముందున్నాడు. అరె, ఈసారి చేతిలో ఏమీ లేదే!”

“కోటు జేబులో ఉంటుంది.”

“జేబులో పట్టేదేం కొన్నాడు?”

“ఉంగరం. నేనే అమ్మాను. నా వేలికి పెట్టి మరీ కొలత చూసుకున్నాడు.”

“ఓహో! ఎవరికోసమట?”

“నిన్న క్రిస్మస్ కూడా అయిపోయింది గార్డన్. ఇంకా ఇవ్వలేదు. కొని ఇవాళ్టికి ఎనిమిది రోజులు.”