కదలక ముందటి దెబ్బలు

గ్రీసులోని కోర్ఫూ దీవి, పాతపట్నంలో మూడో అంతస్తు ఇల్లు. సామాను లారీకెక్కి, ఓడ మీద పాత్రాస్ ఊరికి వెళ్ళాలి. సామాను చేరవేసి, దానికి బీమా కూడా రాసే కంపెనీ నుంచి వచ్చిన రోదాంతి ఒక్కో వస్తువూ చూసి రాసుకుంటోంది. ఇంటావిడ స్తమతెల్లా ఆమె వెంటే తిరుగుతోంది. ఇంటాయన గెరాసిమోస్ పక్కగదిలో ఉన్నాడు.

“బీరువా అద్దం పగిలిందని రాసి ఊరుకుంటే ఎలా అమ్మాయ్? ఎప్పుడు పగిలిందో కూడా రాయి.”

“అంత అక్కర్లేదు స్తమతెల్లాగారూ. లారీ ఎక్కక ముందే పగిలి ఉందని రాస్తే చాలు. రేపు మీరు మా కూలీల మీద పెట్టకుండా.”

“నేను ఎవరి మీదా పెట్టను. నువ్వు రాయి. రెండువేల పదకొండు, ఆగస్టు పదిహేను. భోజనాల వేళ. బూటు విసిరితే పగిలింది.”

“బూటా? తేదీ కూడా భలే గుర్తుందే మీకు!”

“మరియమ్మ పండగ కదా. చుట్టాలంతా బల్ల దగ్గరే ఉన్నారు.”

“సరే, రాశాను. తరవాత ఈ సూపు గిన్నె. చెవి విరిగింది.”

“విరగలేదు. విరగ్గొట్టారు.”

“మాకు రెండూ ఒకటేనండీ.”

“నాకు కాదు.”

“దానికి ఇందులో గడి లేదమ్మా. చూడండి, వస్తువు, పాత దెబ్బ, విలువ.”

“చివర్న ఇంకొకటి ఖాళీగా ఉందే?”

“అదా... ఇతర వివరాలు. దాన్ని ఎవరూ నింపరు.”

“నేను నింపుతాను. గెరాసిమోస్ విసిరాడు అని రాయి.”

“మెల్లిగా అమ్మా, ఆయన పక్కగదిలోనే ఉన్నారు.”

“ఉండనీ. ముప్పై ఏళ్ళు మెల్లిగానే మాట్లాడాను. ఇక నావల్ల కాదు.”

“మొగుడూ పెళ్ళాల మధ్య నేనెందుకు చెప్పండి...”

“మధ్యలోకి రమ్మన్నానా? రాయమన్నాను.”

“విసరడం నేను చూడలేదు కదా! చూడనిది నేనెలా రాస్తాను?”

“అదా నీ బాధ? ఉండు. గెరాసిమో! ఇలా రా! ఈ అమ్మాయి నా మాట నమ్మడం లేదు!”

“ఏమిటే గోల? బీమా లేకుండా చెంచా కూడా కదలనివ్వనని నెల రోజులు నా ప్రాణం తోడేశావు. పిలిపించాను కదా! అక్కడ పాత్రాస్‌లో మా తమ్ముడు మనకోసం ఇల్లు ఖాళీ చేయించి కూర్చున్నాడు.”

“ఈ గిన్నె ఎలా విరిగిందో చెప్పు. ఓడలో విరిగిందని చెప్పి డబ్బు గుంజుతామేమోనని వీళ్ళకి అనుమానం.”

“అయ్యో, నేను అలా అన—”

“మేమా? డబ్బు గుంజేది మేమా? ఏమ్మా, మా వంశంలో ఒకరి సొమ్ము ముట్టినవాడు లేడు! ఆ గిన్నె నేనే విసిరాను. రాసుకో!”

“అంత అవసరం లేదయ్యా...”

“అవసరమే! రాయి! దొంగలమనుకున్నావా? ఈస్టరు ముందురోజు, పెద్ద శనివారం నాడు ఊరంతా కుండలు విసరదూ? నేనూ విసిరాను.”

“ఊరంతా బాల్కనీలోంచి వీధిలోకి విసురుతుంది. నువ్వు వంటింట్లో నామీదికి విసిరావు.”

“తగల్లేదుగా!”

“తలుపుకి తగిలింది. ఆ సొట్ట కూడా రాయి అమ్మాయ్.”

“తలుపు లారీ ఎక్కదు కదమ్మా. రాయకూడదు.”

“సరే, వదిలెయ్. కుర్చీ చూడు.”

“కాలు విరిగితే అతికించినట్టుంది...”

“అదీ నేనే. కూరలో ఉప్పెక్కువైంది. నేలకేసి కొట్టాను. మగాణ్ణి, కోపం రాదా? అతికించింది కూడా నేనేనని రాసుకో.”

“రాయమ్మా. అతికించాడని కూడా రాయి. అన్యాయం మనకొద్దు.”

“రాస్తున్నాను. ఈ గోడగడియారం?”

“అది పడింది.”

“దానంతటదేనా అయ్యా?”

“ఆఁ... పడిందంటే...”

“చెప్పు గెరాసిమో. వంశం సంగతి ఇప్పుడే కదా చెప్పావు!”

“నేనే! కాఫీ చల్లారిపోయిందని! అయితే ఏమిటట? నా ఇంట్లో నేను పగలగొట్టుకుంటే అడిగేదెవడు?”

“ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అందుకే ఈవిడ అడుగుతోంది.”

“ముందు రాసినవాటితో కలిపి మొత్తం పదకొండు వస్తువులు. అయ్యా, చదువుకుని సంతకం పెట్టండి.”

“చదివేదేముంది? ఎక్కడ పెట్టాలో చూపించు.”

“కాదయ్యా. ఇవన్నీ నిజమని ఒప్పుకుంటున్నట్టు కింద ఉంది. చదవకుండా పెట్టించుకోను.”

“చదువు గెరాసిమో. రేపు చూడలేదనకూడదు.”

“నా కళ్ళజోడేదీ? ఆ గదిలో పెట్టినట్టున్నాను. ఉండండి.”

“అమ్మా... ఆయన వచ్చేలోగా అడుగుతున్నాను. మీ మోచేతి మీద ఆ మచ్చ...”

“అది సామాను కాదు అమ్మాయ్. నీ కాగితంలో పట్టదు.”

“దొరికింది, దొరికింది. ఏదీ? అద్దం... నా బూటు... నిజమే. గిన్నె, నిజమే. కుర్చీ, నిజమే. గడియారం... ఇదంతా నిజమే! మాట తప్పేవాణ్ణి కాను. ఇదిగో సంతకం. లారీ ఎప్పుడొస్తుంది?”

“గురువారం పొద్దున్నే. ముద్ర కూడా వేశాను. ఇదిగోనమ్మా, మీ ప్రతి. ఇక మొత్తం సామానుకి ఎంతకి బీమా రాయమంటారు?”

“బీమా వద్దు అమ్మాయ్. నువ్వు వచ్చి చూసినందుకు ఏమివ్వాలో చెప్పు, ఇస్తాను.”

“వద్దా? ఏమిటే ఈ వేషాలు? ఓడలో ఏమైనా పగిలితే?”

“ఏమీ పగలదు. కదిలితేగా పగలడానికి!”

“కదలకపోవడమేమిటి? మతి గాని పోయిందా? ఆ కాగితం ఇటివ్వు!”

“ఇవ్వను. ఇది లాయరుకి. మధ్యాహ్నం వస్తానని చెప్పాను.”

“లాయరెందుకే? గురువారం వెళ్ళాలా వద్దా?”

“వెళ్ళాలి గెరాసిమో. ఇది మా అమ్మ నా పేర రాసిన ఇల్లు. గురువారం ఓడ ఎక్కేది నువ్వొక్కడివే.”