మే నెలలో వేట

నా పేరు సీతాలు. భర్త పేరు అప్పలరాజు. నా వయసు ఇరవై రెండు. ఐదో తరగతి వరకు చదివాను. చేపలు ఎండబెట్టే పని చేస్తాను. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ వెనక మా కాపురం. కోర్టుకు రావడం ఇదే మొదటిసారి. మేజిస్ట్రేట్ అమ్మగారు భయపడకుండా చెప్పమన్నారు. చెబుతున్నాను.

మా మావ నీలకంఠాన్ని పదేళ్ల కిందట మే నెలలో జెట్టీ మీద ఎవరో పొడిచి చంపారు. చంపింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. నేను ఆయన్ని చూడలేదు. గోడ మీద ఫొటోలోనే తెలుసు.

మా ఆడపడుచు రాధ వన్ టౌన్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. తేలని హత్యల వీడియోలు రోజూ ఫోనులో చూస్తుంది. పెళ్లికాని వాళ్లు పరిచయం చేసుకునే యాప్ కూడా ఆమె ఫోనులో ఉంది. అందులో ఉమామహేష్ అనే అబ్బాయి కలిశాడు. హార్బర్ కుర్రాణ్ణని, బోటు మీద పెరిగానని రాసుకున్నాడు. మాటలు రికార్డు చేసి వాయిస్ మెసేజ్‌లుగా పంపేవాడు. "మిగిలినోల్లు టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతారు వదినా. ఈడు మనోడే," అని రాధ నాకు వినిపించేది. నాకూ అలాగే అనిపించింది.

మొన్న ఆదివారం సాయంత్రం రాధ అతన్ని హార్బర్ కేసు తెలుసా అని అడిగింది. చనిపోయింది తన తండ్రి అని చెప్పలేదు. అతని వాయిస్ ఇంట్లో అందరం విన్నాం.

"తెలీకపోవడమేటి? నాను సూసినాను. అప్పుడే ఏట నుంచి బోటు ఒచ్చింది. రొయ్యలు దించతన్నాం. ఆ పెద్దాయన గోడకి జారబడి ఉన్నాడు. ఒల్లంతా రగతం. 'అబ్బీ, కాసిన్ని నీల్లు' అన్నాడు. తెచ్చిచ్చినాను. తాగీసి, 'సల్లగుందిరా' అన్నాడు."

మా అత్త నారాయణమ్మ చేప తోముతోంది. చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "మల్లీ ఎట్టు," అంది. రాధ మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. ఎన్నడూ చూడని మావ మా గుమ్మంలో కూర్చుని నీళ్లు తాగుతున్నట్టే ఉంది. అత్త లేచి, చేప వాసన చేతులతోనే గ్లాసుడు నీళ్లు ఫొటో కింద పెట్టింది. అత్త ముఖం అంత నెమ్మదిగా ఉండటం నేను కాపురానికొచ్చిన ఈ మూడేళ్లలో చూడలేదు.

మర్నాడు నా భర్త పోలీసులకు చెప్పాడు. రాధను కలవడానికి పూర్ణా మార్కెట్ దగ్గరకు వచ్చిన ఉమామహేష్‌ను పట్టుకున్నారు. అతని చేతిలో మల్లెపూల పొట్లం ఉంది. హత్య జరిగిన చోట నువ్వున్నావు కాబట్టి నీకు సంబంధం ఉందని పోలీసులు అంటున్నారు. స్టేషన్‌లో అతను మా ముందే ఏడ్చాడు. "మాది గుంటూరు వైపు అక్కా. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికొచ్చాను. ఇక్కడి అమ్మాయిలకు ఇక్కడి మాటే నచ్చుతుందని రూములో వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. ఆ కేసు వీడియోలో చూశాను. అంతే," అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

నేను నమ్మాను. మే నెలలో సముద్రంలో చేపల వేటకు నిషేధం ఉంటుంది. బోట్లన్నీ రేవులో కట్టేసి ఉంటాయి. రొయ్యలు దించడం ఉండదు. మా వీధిలో పసిపిల్లలకూ ఆ సంగతి తెలుసు.

ఇంటికి వచ్చాక ఆ మాటే నా భర్తతో అన్నాను. అతను, "మే నెలని నీకొక్కదానికే తెలుసేటి? మా అందరికీ తెలుసు. మాయమ్మ మొకం సూసావా?" అన్నాడు.

రాధ తల తిప్పేసుకుంది. "అబద్ధమైతే ఏటి వదినా? పదేల్లలో మా అయ్య కోసం ఎవుడైనా ఒక్క మాట సెప్పాడా?"

ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే ఆ మాటను గ్లాసు నీళ్లలా పట్టుకున్నారు. కానీ అవతల ఒకడు లాకప్‌లో ఉన్నాడు. వాడికీ అమ్మ ఉంటుంది.

ఈ ఉదయం బయలుదేరుతుంటే అత్త నన్ను ఆపలేదు. ఫొటో కింద గ్లాసులో నీళ్లు మార్చి, "ఎల్లిరా," అంది.

ఉమామహేష్ ఆ రోజు జెట్టీ మీద లేడు. ఇది నిజం. ఇంకేమైనా ఉందా అని అమ్మగారు అడిగారు. ఒక్కటే అడిగాను. నీళ్లిచ్చినవాడు లేడు కాబట్టి మా మావ దాహంతో పోయాడని మాత్రం ఇందులో రాయొద్దమ్మా. అది కూడా ఎవరూ చూడలేదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ బెదిరించలేదు. వేలిముద్ర వద్దని, పేరు రాయడం వచ్చని చెప్పి రాశాను.

(సంతకం) సీతాలు