కోరల్లేని జట్టు

దీవిలోని బ్రూక్షాబాద్‌లో గోపీనాథ్ పెయింట్ల కొట్టు. మధ్యాహ్నం వేళ, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చింది వాసవి. ఫోన్లో ఆరేసి జీవాలను ఒకరి మీదికి ఒకరు ఉసిగొలిపే ఆటలో ఆదివారం ఫైనల్ ఆడాల్సింది ఆమే, గోపీనాథే. ఎదురెదురుగా కలవడం మాత్రం ఇదే మొదలు.

“రోలర్లూ వద్దు, బ్రష్షులూ వద్దు భయ్యా. కొనడానికి రాలేదని చెప్పాను కదా.”

“మరెందుకొచ్చావమ్మా ఇంత ఎండలో? గరాచర్మ నుంచి బస్సుకొచ్చావా? నీళ్ళు తాగుతావా?”

“నీళ్ళొద్దు. మాట మార్చొద్దు. మీ టీమ్ మార్చండి.”

“టీమా?”

“టీమే. ఆదివారం లోపు మార్చండి. లేకపోతే ఇద్దరం బయటికే.”

“బయటికంటే?”

“చక్రి కంప్లైంట్ ఇచ్చాడు.”

“ఏ చక్రి?”

“సెమీస్‌లో మీ చేతిలో ఓడిపోయాడే, బాంబూఫ్లాట్ చక్రి.”

“ఓడిపోలేదమ్మా. మధ్యలో వదిలేసి పోయాడు.”

“అదే. దానికే ఒళ్ళు మండింది వాడికి. కూర్చుని మన పాత ప్రాక్టీస్ ఆటలన్నీ తవ్వి తీశాడు. రికార్డింగులుంటాయి కదా. నా డ్రాగన్ చావబోతూ ఉంటాది, మీరేమో మీ దీపం పురుగుని దించి దాని ప్రాణం మళ్ళీ నింపేస్తారు. నా డ్రాగన్ ప్రాణం! మీ శత్రువుది!”

“వేలు జారుంటాది.”

“ఒకసారి జారుతుంది భయ్యా. ప్రతి ఆటలోనా?”

“నీకు ఆడినప్పుడే తెలీలేదా?”

“అది కాదిప్పుడు పాయింట్.”

“కాదులే. ఊరికే అడిగాను.”

“పాయింట్ ఏంటంటే, మనిద్దరం కుమ్మక్కయ్యాం అంటున్నారు. ఆర్గనైజర్లు నాకు ఫోన్ చేశారు. ఫైనల్లో ఒక్కసారి అలా జరిగినా ఇద్దర్నీ తీసేస్తారంట. చెన్నైలో పెద్ద పోటీకి ఇంకెవర్నో పంపుతారంట. చెన్నై, భయ్యా! ఈ ఆట పేరెత్తితేనే అన్నం కంచం తోసేసే మా నాన్న, మొన్న ‘సరే వెళ్ళు’ అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ మాట మళ్ళీ రాదు.”

“నువ్వే గెలుస్తావులే.”

“ఇదిగో! ఈ మాటకే మండుతాది నాకు. నన్ను గెలిపించడానికి మీరెవరు?”

“అబ్బే, అలా కాదు. నీ ఆట మంచిది అంటున్నాను.”

“అయితే నాతో సరిగ్గా ఆడండి. అసలు ఇదేం టీమ్? ఇన్ని జీవాలుంటే, ఊరంతా డ్రాగన్లూ గద్దలూ పెంచుకుంటే, మీరేమో నత్త.”

“నత్త మంచిదే.”

“పీత.”

“దాని డిప్ప గట్టిది.”

“జెల్లీ, ముల్లుచేప, తాబేలు, దీపం పురుగు. ఒక్కదానికీ కోరల్లేవు. ఒక్కటీ కొట్టదు.”

“ముల్లుచేప గుచ్చుతాది.”

“దోమ కుట్టినట్టు! అయినా ఫైనల్ దాకా ఎలా వచ్చారు మీరు? సచ్ బోలో, నిజం చెప్పండి.”

“చెప్తాను, ఉండు. నత్త ముందుంటాది. దాని మీద ఎంత కొట్టినా సగమే తగులుద్ది. ఆ సగం కూడా జెల్లీ పంచుకుంటాది. తాబేలు నిద్రపోయి లేస్తే గాయాలన్నీ మాయం. పీత అవతలోడి స్పీడు తగ్గిస్తాది. మిగిలినదానికి దీపం పురుగు ఉండనే ఉంది. నేను ఎవర్నీ తొందరగా చంపలేను. నన్నూ ఎవరూ చంపలేరు. అంతే.”

“అంతే అంటే? ఆట ఎలా ఖతం అవుద్ది?”

“అవదు.”

“అవకపోతే?”

“కాసేపు చూస్తారు. బాగా తిడతారు, చాట్లో. తర్వాత పోతారు. పోయినోడు ఓడినట్టు కదా రూలు.”

“అంటే మీరు గెల్చినవన్నీ...”

“అన్నీ అవే. అందరూ వదిలేసి పోయారు. అలా వచ్చాను ఫైనల్‌కి.”

“గోపీ! ఓ గోపీ! ఉన్నావా లోపల?”

“ఉన్నాను కాళమ్మ పిన్నీ. ఏం కావాలి?”

“వైట్ సిమెంటు. చిన్న పేకెట్టు. ఏటి, మాటలు వినపడుతున్నాయి? చుట్టాలా?”

“చుట్టాలు కాదు. ఆట... ఆట మీద వచ్చింది ఈ అమ్మాయి.”

“ఎవరైతేనేంలే. కూర్చోబెట్టి ఏదైనా పెట్టు. అమ్మాయ్, వీడి కొట్లోంచి మనిషి గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో తెలుసా? మా గోడ పక్కనే కదా. పొద్దున్న షట్టర్ చప్పుడు, సాయంత్రం షట్టర్ చప్పుడు. బస్, అంతే. అప్పట్లో కొట్టు వెనక వీళ్ళింట్లోంచి ఎంత గోలొచ్చేదో! నేనే తిట్టేదాన్ని, నిద్ర పట్టనివ్వరా అని.”

“పిన్నీ, పేకెట్టు ఇదిగో.”

“ఇప్పుడూ పట్టట్లేదు మరి, ఏం చెప్పను! వస్తా.”

“...ఏం గోల భయ్యా?”

“ఏదో అంటాదిలే ఆవిడ. నువ్వు కూర్చో. ఆ డబ్బా మీద కూర్చో, రంగు అంటదు.”

“మీ ఇంట్లో ఎవరుండేవాళ్ళు?”

“కుర్రాళ్ళు. రంగులేసే కుర్రాళ్ళు. గవర్నమెంట్ క్వార్టర్స్‌కి రంగుల కాంట్రాక్టు దొరికినప్పుడు శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్నాను. మా ఇంట్లోనే ఉండేవారు అందరూ. పనయ్యాక వంట, వంటయ్యాక ఆట. హాల్లో చాపలేసుకుని, ఫోన్లు పట్టుకుని ఒకటే అరుపులు. నాకు ఆడటం రాదు. వెనక కూర్చుని చూసేవాణ్ణి.”

“మీకు రాదా?”

“అప్పుడు రాదు. ‘భయ్యా, టీ’ అంటే టీ పెట్టేవాణ్ణి. ఎవడు గెలుస్తున్నాడో కూడా తెలిసేది కాదు. ఎవడు గట్టిగా అరిస్తే వాడే గెలిచినట్టు.”

“మరి వాళ్ళు?”

“పనయిపోయింది. కొత్త కాంట్రాక్టు నాకు రాలేదు. పనిలేకుండా వాళ్ళని ఎన్నాళ్ళని ఉంచను? ఒకే ఓడకి అందరూ టికెట్లు తీసుకున్నారు. జెట్టీకి నేనే దింపాను.”

“అయ్యో.”

“అయ్యో ఏముంది, వాళ్ళ ఊరికి వాళ్ళు పోయారు. ఎక్కేముందు జోగులు అన్నాడు, ‘భయ్యా, మీరూ ఆడండి. మేం అక్కణ్ణించి ఆడతాం, అందరం ఇలాగే కలుద్దాం’ అని. అక్కడే, సామాన్లు నెత్తి మీద పెట్టుకునే నా ఫోన్లో ఆట ఎక్కించాడు. ఒక్కొక్కడు ఒక్కో జీవాన్ని బహుమతిగా పంపాడు నాకు. నత్త జోగులుది. పీత తిరుమలేష్ ఇచ్చాడు. తాబేలు దాలయ్యది...”

“ఉండండి. వాళ్ళు డ్రాగన్లు పెంచుకునేవాళ్ళు కాదా?”

“పెంచేవారు. మంచి మంచివి ఉండేవి.”

“అవి మీకివ్వలేదు.”

“వాళ్ళకి కావాలి కదమ్మా.”

“అంటే వాళ్ళకి పనికిరానివి తెచ్చి మీకు...”

“ఇచ్చారు కదా. ఏదో ఒకటి ఇచ్చారు కదా.”

“...సారీ భయ్యా.”

“సారీ ఎందుకు? నిజమే. మొదట్లో వాటితో రోజూ ఓడిపోయేవాణ్ణి. తర్వాత ఒక్కోదాన్ని పట్టుకుని చూశాను, దీనికేం వచ్చు, దీనికేం రాదు అని. కొట్టడం ఎవడికీ రాదు. ఓర్చుకోవడం అందరికీ వచ్చు. సరే, అదే చేద్దాం అనుకున్నాను.”

“వాళ్ళు ఇప్పుడు ఆడట్లేదా?”

“కొన్నాళ్ళు ఆడారు. తర్వాత ఒకడికి పెళ్ళయింది. ఒకడు దుబాయ్ పోయాడు. దాలయ్య ఫోనే మార్చేశాడు. జోగులు పేరు మాత్రం నా లిస్టులో ఉంది. పక్కన పచ్చచుక్క వెలగదు. అయినా పేరు ఉంది.”

“ఫోన్ చేయొచ్చు కదా మీరు.”

“చేశాను. ‘భయ్యా, పన్లో ఉన్నాను, మళ్ళీ చేస్తాను’ అన్నాడు. పాపం, పన్లోనే ఉన్నాడు. వెనక సుత్తి చప్పుడు కూడా వినపడింది.”

“అందుకా టీమ్ మార్చనంటున్నారు?”

“మార్చనని నేనెప్పుడన్నాను? మార్చలేను అంతే. తీసి పక్కన పెడదామని ఒకసారి నొక్కాను. ‘ఈ జీవాన్ని వదిలేయాలా?’ అని అడుగుద్ది కదా ఫోను. అక్కడ ఆగిపోయాను.”

“సరే. టీమ్ అదే ఉంచండి. కానీ నాకు నయం చేయడం ఎందుకు? అది చెప్పండి. చక్రికి చేయలేదు. ఎవరికీ చేయలేదు. రికార్డింగులన్నీ చూశాను నేను. నాకే ఎందుకు?”

“వద్దులే.”

“భయ్యా.”

“నవ్వుతావు.”

“నవ్వను.”

“అందరూ కాసేపటికి పోయేవారు. నువ్వు పోలేదు. మొదటిసారి ఆడినప్పుడు అనుకున్నాను, ఇప్పుడు పోద్ది, ఇప్పుడు పోద్ది అని. పోలేదు. ప్రాక్టీస్ ఆటకి టైమ్ ఉంటాది కదా, అదయిపోయి ఆటే ఆగిపోయిందిగానీ నువ్వు కదల్లేదు. మర్నాడు కొట్టు కట్టేసి ఫోన్ తీస్తే మళ్ళీ నువ్వే ఉన్నావు. రోజూ ఉన్నావు. ఒకరోజు ముల్లుచేప గుచ్చీ గుచ్చీ నీ డ్రాగన్లు చచ్చే దాకా వచ్చాయి. అవి చస్తే నేను గెలిచిపోతాను. గెలిస్తే ఆట అయిపోద్ది. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు ఒక్కటే మిగుల్తాది. అందుకే పురుగుని దించాను. చూశావా, పాగల్ అనుకుంటున్నావు.”

“లేదు.”

“నిన్ను గెలిపిద్దామని కాదమ్మా, ఒట్టు. ఇంకాసేపు ఉంటావని.”

“భయ్యా, వినండి...”

“ఆదివారం చేయను. మాటిస్తున్నాను. పురుగు నీ జోలికి రాదు. నీకెలా వీలైతే అలా కొట్టు, నేను ఓర్చుకుంటాను. ఓర్చుకోలేకపోతే ఓడిపోతాను. మీ నాన్నకి చెప్పు, చెన్నై టికెట్ చూసుకోమని.”

“అది కాదు. నేనొకటి చెప్పాలి.”

“చెప్పు.”

“మీరేమో ఇంత... ఇది చెప్పకుండా పోతే నాకు బాగుండదు. ప్రాక్టీస్ ఆటలో ఎంతసేపుంటే అన్ని పాయింట్లు వస్తాయి కదా.”

“వస్తాయి.”

“మీతో ఆడితే ఆట తెమలదు. పాయింట్లు బాగా పడేవి. నాకు సాయంత్రం బ్యాంకు కోచింగ్ ఉంటాది. అందుకని... ఎలా చెప్పాలి...”

“మెల్లిగానే చెప్పు. తొందరేం లేదు.”

“ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, ఆటో-ప్లే నొక్కి క్లాసుకి పోయేదాన్ని. అదే ఆడుకునేది. నేను తిరిగొచ్చేసరికి అయిపోయుండేది. అందుకే మీరు నయం చేయడం నాకు తెలీదు. చక్రి చూపిస్తేనే తెలిసింది. మీ ఎదురుగా కూర్చున్నది నేను కాదు భయ్యా. ఒక్కరోజు కూడా నేను కాదు. మెషీనే. ఏదో ఒకటి అనండి. తిట్టండి.”

“ఎందుకు తిట్టడం?”

“ఇన్నాళ్ళూ మీరు నేనే అనుకుని...”

“అనుకోలేదమ్మా. నాకు తెలుసు. మనిషైతే ఎప్పుడో వదిలేసి పోయుండేది.”