యశోదమ్మకు మెలకువ వచ్చిన దినం

ఏమ్మా జెమీమా, నిన్ను మత్తు డాక్టరు పక్కన ఏసినారంటనే? మీ నాయన ఫోన్లో చెప్పె. మంచిదే. ఆ కుర్చీ కాలు ఊగతాది, మంచం మింద కూర్చో. నేనూ అదే పని చేసినోణ్ణి గదా, ఈ కుప్పంలోనే, ఇరవై రెండేండ్లు. నీ మాదిరి సదివి కాదులే, సూసి నేర్చుకుంటి. ఆ ఆస్పత్రి ఎప్పుడో మూసేసినారు, ఇప్పుడు దాని పేరెందుకు. మత్తు మాటెత్తితే నాకు యశోదమ్మే గుర్తుకొస్తాది. నీకు తెలీదులే. పుంగనూరు ఆయమ్మ, శెట్టోళ్లు, బజారులో సరుకుల అంగడి. పోయి ఆరేండ్లయింది. పొట్లం కడితే సూడల్ల నువ్వు, కిందేసి తన్నినా ఒక్క గింజ రాలదు. ఏం చెప్తాంటి? ఆఁ. కుప్పంలో చెల్లెలింటికి వచ్చి, కడుపునొప్పితో పడె. అపెండిక్స్. అర్జెంటుగా కోయల్ల అన్నారు. అరగంటలో కోసి కుట్టేసిరి. గొంతులో గొట్టం ఏసే ముందర ఒళ్లంతా వదులయ్యేదానికి ఒక సూది ఏస్తారు గదా, నువ్వు సదివింటావు. దాని పని ఐదు పది నిమిషాలే. ఆయమ్మకు దిగలా. ఏలు కదపదు, ఊపిరి తీయదు. డాక్టరు 'విక్టర్, బ్యాగు వత్తుతా ఉండు' అనె. వత్తితి, ఆ గాలే ఆయమ్మకు ఊపిరి. ఒక గంట, రెండు, మూడు. చేతులు మొద్దుబారిపాయ. ఊరకనే ఎంతసేపని వత్తేది, పక్కనుండే నర్సుతో మాట్లాడతా ఉంటి, మా బీనా పదో తరగతి లెక్కల్లో తప్పిందని, వాళ్లమ్మ అన్నం మానేసి కూర్చుందని. మీ బీనత్తేలే, నవ్వద్దు. మధ్యలో ఆయమ్మ కంట్లోనుంచి నీళ్లు కారె. గుడ్డతో తుడిస్తి. డాక్టరు సూసి, 'మత్తులో అట్లే కారతాయిలే' అనె. నాలుగో గంటకు ఏలు కదిలె. బతికింది పొమ్మనుకుంటిమి.

మర్నాడు ఆయమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుని, 'సార్, నాకు మధ్యలోనే మెలకువొచ్చేసె. అన్నీ వినబడతాండాయి. అరుస్తాండాను, నోరు రాలా. నన్ను సచ్చినాననుకుని పూడ్చేస్తారేమో అనుకుంటి' అనింది. ఆయప్ప నవ్వె. 'కలమ్మా అది' అనె. మొగుణ్ణి పక్కకు పిలిచి, 'ఆడోళ్లకు భయానికి ఇట్లాంటివి వస్తాయి శెట్టిగారూ, నరాల బలహీనత, నిద్రమాత్ర రాసిస్తా' అనె. కాగితంలో అపెండిక్స్ అని మాత్రం రాసె. ఆ నాలుగు గంటల మాట లేనే లేదు. మూడేండ్లు, జెమీమా! వెల్లకిలా పడుకోలేదు, గది తలుపేస్తే అరిచేది. ఇంగో ఊర్లో ఇంగో డాక్టరు, 'పిల్లోళ్లుండారా?' అన్నాడంట. ఇద్దరుండారంటే, 'అయితే వాళ్లను సూసుకోమ్మా, ఇవన్నీ మర్సిపోతావు' అన్నాడంట. అత్త తాయెత్తు కట్టించె. మొగుడు మంచోడే, ఆయప్ప కూడా ఆఖరికి 'ఇంగ ఆ మాట ఎత్తొద్దు' అనె.

ఆమీట పిత్తంలో రాళ్లు. కామెర్లు కూడా వచ్చేసె. మదనపల్లెలో ఆపరేషన్ చేయల్ల అన్నారు. 'సస్తాగానీ బల్ల ఎక్కను' అని కూర్చునింది. ఒకదినం పొద్దన్నే నేను వాకిట్లో సైకిలు తుడుస్తాండాను. పచ్చటి కండ్లతో ఒకామె వచ్చి నిలబడె. ఎవురో నాకు తెలీలా. 'ఎవురమ్మా, యాడనుంచి?' అంటి. ఆయమ్మ నా మొగం సూసి, 'విక్టరప్పా, మీ బీనా లెక్కలు మళ్లా రాసి పాసయిందా?' అనింది. ఆ మాట నేనన్నది ఆ థియేటర్లో, ఆ నర్సుతో. ఇంగెవురికీ తెలీదు. ఆయమ్మను అరుగుమింద కూర్చోబెడితి. 'పాసయిందమ్మా' అంటి. 'సంతోషం. నీ గొంతు విని పోల్చుకున్నా. నాతో మదనపల్లెకొచ్చి, ఆపొద్దు జరిగింది జరిగినట్టు చెప్తావా?' అనింది. సైకిలు ఆడనే ఇడిసిపెట్టి బస్సెక్కితి.

మదనపల్లెలో మత్తు డాక్టరు పేరు చేతన్, చిన్న వయసు. కాగితం పక్కనబెట్టి అంతా వినె. విని, 'మీది ఏ కులమమ్మా?' అనె. ఆయమ్మకు కోపం వచ్చేసె. 'నా జబ్బుకు నా కులమేంటికప్పా?' ఆయప్ప నిదానంగా చెప్పె. ఆ మందును కరిగించేది కొందరి రక్తంలో పుట్టుకతోనే సరిగ్గా ఉండదంట. ఎవురికైనా ఉండొచ్చు, శెట్టోళ్లలో కొంచెం జాస్తి కనబడతాదంట, తరతరాలుగా వాళ్లల్లో వాళ్లే ఇచ్చిపుచ్చుకుంటారు గదా. 'ఇది మీ పుస్తకాల్లో ఉండాదా?' అనింది ఆయమ్మ. 'ఉందమ్మా.' 'మా కులం సంగతి పుస్తకంలో ఉండె. నేను నోటితో చెప్తే మాత్రం కలయిపాయనా?' ఆయప్ప అప్పుడే రక్తం తీయించె. దాన్ని వేలూరుకు పంపిరి. అదే అని వచ్చె. ఆ సూది ఏయకుండా, వేరే మందుతో కోసిరి. 'నువ్వు లోపలుండు విక్టరప్పా, నేను కదల్లేకపోతే నువ్వు చెప్పు' అనింది గానీ, బయటోణ్ణి నన్నెట్లా రానిస్తారు? తలుపుకాడే నిలబడుకోనుంటి. కోసినాక బండిమింద తెస్తాంటే, దుప్పట్లోనుంచి చెయ్యి బయటికి పెట్టి, అయిదు వేళ్లూ ఆడించి సూపించె.

అంతటితో ఇడిసిపెట్లేదు ఆయమ్మ. సుట్టాల్లో ఎవురింట్లో పెండ్లి జరిగినా పోయి, రక్తం సూపించుకోండి అని పోరేది. తమ్మునికీ అదే ఉండె. వాడు హెర్నియాకు పోయి, 'ఆ సూది నాకు పడదు సార్' అంటే ఒక్క మాటకే రాసుకున్నారంట. ఆయమ్మ నాతో చెప్పి నవ్వె, నవ్వతానే ఏడ్సె. 'వాడు రక్తం పేపరు కూడా సూపించలేదు విక్టరప్పా' అనె.

ఏమంటివి? ఆ పొద్దే నువ్వెందుకు నోరు తెరవలేదు తాతా అంటావా? అడుగుతావని తెలుసు. ఉద్యోగం పోతాదని భయపడినా అని అందరికీ చెప్తా. అది కాదమ్మా. మర్నాడు ఆయమ్మ ఏడుస్తా చెప్పేటప్పుడు నేను ఆ గదిలోనే ఉండాను, బకెట్టు పట్టుకోని. డాక్టరు కల అనె. ఆయమ్మ ఆడమనిషి, ఏడుస్తాండాది. నేనూ కల అనే అనుకుంటి.

...

కాపీ సల్లారిపోతాంది, తాగు.