మూత తీసి వాసన చూడు

మందు సీసాల ఫ్యాక్టరీలో పరీక్షల గది. బల్ల దగ్గర సరుకు నాణ్యత చూసే ఆమె. గుమ్మంలో ఆమె బావ, ఫ్యాక్టరీ యజమాని. బయట సరుకెత్తిన లారీ.

“మూత తీసి వాసన చూడు బావా.”

“చూశాగా.”

“అంత దూరం నుంచి కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. సీసాకి మూత బిగించి గంటసేపు వేడి పెట్టెలో ఉంచాను. ఇప్పుడే తీశాను.”

“ప్లాస్టిక్కు ప్లాస్టిక్ వాసన రాక పూల వాసన వస్తుందేంటి? ఇలా ఇవ్వు... ఛీ! ఛీ ఛీ! ఏంటే ఇది?”

“నువ్వు అమ్మబోయే సరుకు.”

“ముందా కిటికీ తియ్యి.”

“తీసే ఉంది. పిల్లల దగ్గు మందు పోస్తారు ఇందులో. చెంచాలో వంచి నోట్లో పెడతారు.”

“మందుకీ ఓ కంపు ఉంటుందిలే, అందులో కలిసిపోతుంది. సంతకం పెట్టు. లారీవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు.”

“పెట్టను. పాత ప్లాస్టిక్‌తో సీసాలు సర్దే ట్రేలు మాత్రమే చెయ్యాలి. మందు తగిలే సీసాకి కొత్తదే వాడాలి. మందుల కంపెనీతో అలాగే కదా ఒప్పుకున్నావ్?”

“ఒప్పుకున్నాను. వాళ్ళకి పర్యావరణం కావాలి, డబ్బా మీద ఆకు బొమ్మ కావాలి, ధర మాత్రం పాతదే కావాలి. గోరంత ఇచ్చి కొండంత అడిగితే వ్యాపారి ఏం చేస్తాడు? ఎక్కడో ఓ చోట సర్దుకుంటాడు.”

“ఇది సర్దుకోవడమా? మన మిషన్లో మిగిలిన ప్లాస్టిక్ అంచులు ట్రేల కోసం మళ్ళీ కరిగిద్దామన్నావ్, సరే అన్నాను. శుభ్రమైన సరుకు, మన కళ్ళముందు మిగిలింది. మరి ఈ బస్తాల్లో ప్లాస్టిక్ గుళికలు ఎక్కడివి?”

“ఒకాయన ఇస్తాడు.”

“ఏ ఒకాయన?”

“కడిగి, ఎండబెట్టి ఇస్తాడు. మూడుసార్లు కడుగుతాడట.”

“అట! బస్తా అడుగున ఏం దొరికిందో చూడు. చూడు బావా, మొహం తిప్పుకోకు.”

“ఏదో గొట్టం ముక్క.”

“సెలైన్ గొట్టం. లోపల ఆ గోధుమ రంగేంటి?”

“తుప్పేమో.”

“ప్లాస్టిక్కు తుప్పా?”

“ముందు దాన్ని అవతల పారెయ్.”

“రక్తం. ఎవరిదో ఎండిపోయిన రక్తం. ఆసుపత్రి పారేసిన చెత్త కరిగించి, ఆకు బొమ్మ అంటించి, మళ్ళీ రోగుల నోటికే!”

“మెల్లగా! మిషన్ వేడికి ఏ పురుగూ బతకదు.”

“పురుగు చచ్చింది సరే. కంపు చచ్చిందా?”

“చూడమ్మాయ్, నీతికి నీతే, బేరానికి బేరమే. అరవైమంది ఈ ఆర్డరు నమ్ముకున్నారు. మీ అక్క ఇల్లూ దీని మీదే నడుస్తోంది.”

“అక్కని మధ్యలోకి లాగకు. ఈ సీసాలో నీళ్ళు పోసి అక్కకిస్తావా?”

“ఎందుకా మాటలు? నువ్వు పెట్టకపోతే లారీ ఆగుతుందనా?”

“నా సంతకం లేకుండా ఒక్క డబ్బా గేటు దాటదు.”

“పోయిన వారం దాటింది.”

“ఏది?”

“ఇదే. ఇదే సరుకు. మొదటి లారీ.”

“పోయిన వారం నేను సెలవులో ఉన్నాను. సంతకం ఎవరు పెట్టారు?”

“నువ్వే.”

“నేనా?”

“సెలవు పెట్టిన ప్రతిసారీ, పని ఆగకూడదని ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి వెళ్తావుగా. ఒకటి వాడాను.”

“అది... అది మంచి సరుకు కోసం బావా. నిన్ను నమ్మి...”

“కాగితానికి మంచీ చెడూ తెలీదు. మునిగితే ఇద్దరం మునుగుతాం. ఒకటి పెట్టిన చెయ్యి రెండోది పెట్టడానికి ఏడవడమెందుకు? కానియ్... ఫోనెవరికి? మీ అక్కకా? చెప్పుకో, చెప్పుకో.”

“హలో, మందుల కంపెనీయేనండీ? పోయిన వారం మీకొచ్చిన సీసాల్లో మందు పొయ్యకండి. పోసినవి ఉంటే ఒక్కటి కూడా వదలకుండా వెనక్కి తెప్పించండి... నేనా? మంచి సరుకని వాటికి సంతకం పెట్టినదాన్ని.”