మీ చాటు మాకు ముఖ్యం

నల్గొండ బస్టాండు వెనక సందులో సునీల్ నెట్ సెంటరు. కరెంటు పోయి గిరాకీ లేని మధ్యాహ్నం, అదే సందులో కిరాయికుండే నాగరాణి, మొగుడు లింగస్వామి ఫోను కొంగులో చుట్టుకుని వచ్చింది.

“ఎట్లనన్న జేసి తుడిచెయ్యి సునీలూ. ఏది తెరిచినా గా కల్వకుర్తి లేడీస్ హాస్టలే వస్తాంది.”

“ఎన్నడు ఎతికినవక్కా?”

“మంగళారం. మీ బావ తానానికి పోయిండు. హాస్టల్ ఒకటి, కుట్టుమిషన్ పని ఒకటి. చూసిన, మూసేసిన.”

“మూస్తె పోదక్కా. నువ్వు పోయిన సైటు ఫోన్ల చిన్న చీటీ పెడ్తది. కుకీ అంటరు. గా చీటీ చూసి, నువ్వు ఇంకెక్కడికి పోయినా గదే సరుకు తెచ్చి ముందల పెడ్తరు.”

“ఎవ్వలు పెట్టమన్నరు?”

“నువ్వే. ఒప్పుకుంటున్నరా అని కింద ఒక డబ్బా వస్తది గద. ఒత్తినవా?”

“ఒత్తిన. తెలుగులనే ఉండె. మీ గోప్యత మాకు ముఖ్యం అని. గోప్యత అంటె ఏంది?”

“అంటె... చాటు. మీ చాటు మాకు ముఖ్యం అన్నట్టు.”

“గట్లనే అనుకున్న.”

“సక్కగ చదవకుంటనే ఒత్తినట్టున్నవ్.”

“చదివే ఒత్తిన. పన్నెండేండ్లల్ల నాతోని గా మాట ఎవరన్నరు? తానం జేసెటప్పుడు గూడ గొళ్లెం పెట్టుకోనియ్యడు. ఎవ్వలో పుణ్యాత్ములు అనుకొని ఒత్తిన.”

“అక్కా, నువ్వు ఈ ఫోను పట్టుకొని రాకుంటె మంచిగుండె.”

“ఏంది?”

“ఏం లేదు. ఇటియ్యి.”

“తుడువు మరి.”

“తుడుస్త. గని తుడిస్తె అన్నీ పోతయ్. బావ ఆడే పేకాట, బావ చూసేటియి, అన్నీ మళ్ల పాస్‌వర్డ్ అడుగుతయ్.”

“అడిగితె?”

“ఎవరో ముట్టిండ్రని తెలుస్తది.”

“గా ఒక్కటి తియ్యరాదా?”

“ఏ చీటీ హాస్టల్‌ను తెస్తాందో నాకేం తెలుస్తదక్కా. ఇందుల నాలుగు నూర్ల చీటీలున్నయ్.”

“తుడువకపోతె?”

“హాస్టల్ కనవడ్తది.”

“అంటె ఎటుజేసినా నా మీదికే వస్తది.”

“చాటుగ ఎతికే కిటికీ ఒకటుంటది. మూస్తె గుర్తులుండయ్. ముందుగాలనే అందుల ఎతికితె...”

“ముందుగాల నాకెవరు జెప్పిండ్రు? నాదొక ఫోనుండె, ఉగాదినాడు గోడకేసి కొట్టిండు.”

“మరి ఇయ్యాల ఇదెట్ల దొరికింది నీకు?”

“మర్చిపోయి పోయిండు. ఎన్నడు ఫోను లేకుంట గడప దాటనోడు, ఇయ్యాల టీవీ పక్కన పెట్టి పోయిండు. పెద్దమ్మ తల్లి దయ తలిచిందనుకున్న. ఏంది తమ్మీ, చెయ్యి ఆపినవ్?”

“ఏం లేదక్కా.”

“సరే, తుడువకు. ఇట్లనే తీస్కపోయి పెట్టిన కాడ పెడ్త. ఆయనకు ఈ చీటీలు గీటీలు తెల్వయ్. ఫోను దానంతటదే తెచ్చిందంటె నమ్ముతడు.”

“నమ్మడక్కా.”

“ఎందుకు నమ్మడు? టీవీల వచ్చినట్టే వస్తయనుకుంటడు. ఆయనకెవరు జెప్తరు?”

“ఇగో, ఫోను తీస్కోక్కా.”

“సునీలూ. నా దిక్కు చూడు. ఆయనకెవరు జెప్తరు?”

“పొద్దుగాల షట్టర్ లేపంగనే వచ్చిండు. గీ హాస్టల్ ఎందుకొస్తాందిరా అనడిగిండు. ఇంట్ల ఎవరన్న ఎతికితెనే వస్తదని, నీకు జెప్పినట్టే, చీటీ సంగతంత జెప్పిన. నాకేం ఎరుకక్కా.”

“ఏమన్నడు?”

“ఏమనలె. నవ్విండు. చాయ్ తాగిపిచ్చిండు.”

“పోయెటప్పుడు?”

“పరాచికానికి అన్నడనుకున్నక్కా.”

“ఏమన్నడు చెప్పు.”

“ఇయ్యాల ఫోను ఇంట్లనే ఇడిసిపోత, మీ అక్క నీ కాడికి తెస్తదో లేదో చూడు అన్నడు.”