రంగు మారే మూతలు

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత రాసిందల్లా సంతకమే. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. ఒక్కసారి తెరిచాను. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేక కాయితం మీద పెడుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా ఆయన డ్రైవరు. బడిపిల్లల వ్యాను నడిపేవారు. ఓనరు వ్యాను అమ్మేసుకున్నాక పని లేక ఇంట్లోనే ఉంటున్నారు. చెయ్యి మంచిది, ఇన్నేళ్లలో బండికి చిన్న గీత కూడా పడనివ్వలేదు. ఆయన నోటికే బ్రేకులు లేవు.

మా తమ్ముడు ఈమధ్య ఒక పాత కారు కొన్నాడు. "బావా, కారు నీ దగ్గరే ఉంచుకుని చిన్నాచితకా బాగుచేయించు. ఆదివారం మమ్మల్ని కొండ మీద మా అత్తగారింటికి తీసుకెళ్లు. అంతా బాగుంటే ఇక కిరాయికి నువ్వే తిప్పుకో" అన్నాడు. ఆ మాట విన్న రోజు మా ఆయన రెండుసార్లు గడ్డం గీసుకున్నారు. మా మరదలికి మాత్రం ఈయన మాటల మీద గురి లేదు. ఒళ్లో నెలల పిల్ల ఉన్న మనిషి, ఆమెననడానికేముంది.

చక్రానికి గాలి కొట్టే చోట చిన్న మూత ఉంటుంది, వాల్వు క్యాపు అంటారు. ఆ కారుకి అవి రెండు ఊడిపోయాయి. మామూలు నల్లవి వేయించమన్నాడు తమ్ముడు. ఈయన షాపుకెళ్లి మెరిసిపోయే మూతలు నాలుగు తెచ్చారు. గాలి సరిగ్గా ఉంటే పైన పచ్చగా కనబడుతుందట, తగ్గితే ఎర్రగా మారుతుందట. మామూలు మూత ఊరికే దుమ్ము పడకుండా కాస్తుంది. వీటికి లోపల చిన్న పుల్ల ఉంది. అది చక్రంలో గాలిని ఆపే పిన్నుని ఎప్పుడూ నొక్కి పట్టుకునే ఉంటుంది. మూత సరిగ్గా కూర్చోకపోతే ఇక గాలి జారిపోవడమే. వెనక ఎడమ చక్రానిది కూర్చోలేదు. కారు తుడుస్తూ చెవి పెట్టి విన్నాను, సన్నగా బుస్సుమంటోంది. ఆయనకి చెప్పాను.

"నీకేం తెలుసు? చలికి గాలి ముడుచుకుంటుంది" అన్నారు.

రోజూ వీధి లేవకముందే పంపు పట్టుకెళ్లి గాలి కొట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పడుకునేవారు.

శనివారం సాయంత్రం కారు తీసుకెళ్లి తమ్ముడి ఇంటి ముందు పెట్టాం. వసారాలో టీలు తాగుతున్నాం. ఎదురింటి దర్జీ కూడా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తమ్ముడు మామూలుగానే అడిగాడు, "మూతలు నల్లవి కదా చెప్పాను, అవేంటి బావా అలా మెరుస్తున్నాయి?"

అంతే. మా ఆయన గ్లాసు కింద పెట్టారు. గ్లాసు కింద పెట్టారంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

"నల్లవా! ఒరేయ్ బామ్మర్దీ, నల్లవి ఎవడైనా కొంటాడు. షాపువాడు డబ్బా తెచ్చి నా ముందు గుమ్మరించాడా, ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేద్దామని చూశాడు, ఆగు అన్నాను. కళ్లు మూసుకుని ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని చూశాను. మూతకి నాడి ఉంటుందిరా. నాడి ఆడని మూత చక్రానికి పనికిరాదు. అన్నిట్లో నాలుగంటే నాలుగే ఆడాయి. అవి పక్కకి తీసేసరికి షాపువాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. 'సార్, ఇవి అమ్మేవి కావు, మా నాన్న దాచుకున్నవి, మీ కంట ఎలా పడ్డాయి సార్' అన్నాడు."

"కొలత తీసుకోకుండానే టోపీలు పెట్టేశావా అన్నా?" అన్నాడు దర్జీ.

"నా చేతి ముందు నీ టేపెంతరా! బిగించి బండి తీశానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మలుపు తిరగ్గానే నడిరోడ్డు మీద జానెడు మేకు, నిలువుగా, నాకోసమే నిలబెట్టినట్టు. తప్పించడానికి చోటు లేదు. ఎక్కించేశాను. దిగి చూద్దును కదా, చక్రానికి ఏమీ కాలేదు. మేకే మెలికలు తిరిగి ముడిపడిపోయి ఉంది!"

"ఆ మేకు దాచారా అన్నయ్యా?" మరదలు పిల్లని భుజాన వేసుకుని జోకొడుతూ అడిగింది.

"ఎక్కడమ్మా, సిగ్గుతో దొర్లుకుంటూ పోయి మురిక్కాలవలో దూకింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. నేను కూర్చున్న చోటికి కారు వెనక చక్రం కనబడుతోంది. అటు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

"ఇక బండి తేలికైపోయింది చూడు! గాలి బయటికి పోయే దారి లేదు కదా, లోపలే ఉండి ఉండి పులిసిన పిండిలా పొంగుతోంది. ఇంజను ఆపేసినా ఎత్తు ఎక్కుతోంది. పెట్రోలు తగ్గదు సరికదా, పెరుగుతోంది. బంకులోకి తిప్పి, 'నాయనా, కాస్త తోడేయండి, పొర్లిపోయేలా ఉంది' అని బతిమాలుకున్నాను. ఇంతలో ట్రాఫిక్ పోలీసు ఆపాడు. స్పీడుగా వెళ్లానా సార్ అంటే, 'స్పీడు కాదయ్యా, నీ చక్రాలు రోడ్డుకి ఆనట్లేదు' అన్నాడు. కింద నుంచి పేపరు దూర్చి అటువైపు లాగి చూపించాడు కూడా!"

"చదివిన పేపరేనా?" అన్నాడు దర్జీ.

"అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వంతెన. సగమే ఉంది, మిగతా సగం నీళ్లలో ఉంది. బ్రేకు తొక్కుదామా వద్దా అనుకునేలోపు అవతలి ఒడ్డున ఉన్నాను. మధ్యలో కిందికి చూస్తే చేపలన్నీ తలకాయలెత్తి నన్నే చూస్తున్నాయి."

"పలకరించాయా బావా?"

"ఒక్కటే పలకరించింది. మిగతావి నోళ్లు తెరిచి అలా ఉండిపోయాయి. ఈ సంగతి ఎలా పాకిందో ఏమో, టైర్ల కంపెనీ పెద్దలు విమానమేసుకుని వచ్చేశారు. 'అయ్యా, మా విమానం చక్రాలకి కూడా మీ చేత్తోనే మూతలు ఎంచి పెట్టండి' అని ఒకటే గోల. సరే పెద్దవాళ్లు కదా అని పెట్టాను."

"ఆ తర్వాత?"

"ఆ విమానం ఇంకా కిందికి దిగలేదు!"

దర్జీ మెట్ల మీద వెనక్కి వాలిపోయి నవ్వాడు. మా తమ్ముడికి కళ్లనీళ్లు వచ్చాయి. మరదలు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన మొహం వెలిగిపోతోంది. వ్యాను పోయాక ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు. అప్పటికే కారు ఎడమ పక్కకి కొంచెం ఒరిగి ఉంది. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. అబద్ధాలు ఆయనవి, తల దించుకునేది నేను.

విమానం దగ్గర ఆపినా బాగుండేది. ఆయన ఆపలేదు.

"అంతెందుకురా బామ్మర్దీ, నేను మూతలు పెట్టిన రోజు ఏ గాలి ఉందో ఇవాళ్టికీ అదే గాలి. ఒక్క ఊపిరి బయటికి పోలేదు. రేపు పిల్లని ఒళ్లో వేసుకుని హాయిగా నిద్రపోండి, కొండ మీద లేపుతాను."

తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. "అయితే పొద్దున్నే గాలి చూపించక్కర్లేదా? షాపు తీసేదాకా ఆగుదామనుకున్నాను. ఎండెక్కకముందే బయల్దేరిపోవచ్చా?"

"నిక్షేపంగా! నా మాట నమ్మకపోతే మీ అక్కనడుగు. ఏమోయ్, చెప్పు."

ఆయన కథ ఎక్కడ చెప్పినా చివర ఈ మాట ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచీ నా పని తలూపడం. మేకులకీ ఊపాను, చేపలకీ ఊపాను. వాటి వల్ల ఎవరికీ ఏమీ కాదు. తమ్ముడు నా వైపే చూస్తున్నాడు. వాడి కళ్లలో ఇప్పుడు నవ్వు లేదు, నిజంగానే అడుగుతున్నాడు. మరదలి భుజం మీద పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. రేపు ఆ పిల్ల ఈ చక్రాల మీదే కొండెక్కాలి.

"అది మొదటి రోజు గాలి కాదు తమ్ముడూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇవాళ పొద్దుటి గాలి. నిన్నటిది నిన్ననే పోయింది."

"అయితే రోజూ తాజా గాలేనన్నమాట!" అని దర్జీ పకపకా నవ్వి, ఇంకెవరూ నవ్వకపోయేసరికి గ్లాసులోకి చూసుకున్నాడు.

తమ్ముడు లైటు పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాడు. వెనక చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. మూత పైన ఎర్రగా ఉంది. చక్రాన్ని చేత్తో నొక్కి చూసి లేచి వచ్చాడు.

"తాళం ఇటివ్వు బావా" అన్నాడు.

తాళం ఆయన చేతిలోనే ఉంది. అయినా జేబులన్నీ వెతుక్కున్నారు. దొరికినట్టు ఇచ్చి, "చలికి..." అన్నారు. మరదలు పిల్లని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికి నడిచి వచ్చాం. ఎప్పుడూ ఆయన ముందు నడుస్తూ మాట్లాడుతుంటారు, నేను వెనక ఊఁ కొడుతుంటాను. ఆ రోజు నా వెనక నడిచారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. చెప్పింది నిజమే అయినా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంట్లో గట్టిగా చెప్పాల్సిన మాట, పోట్లాడైనా చెప్పాల్సిన మాట, నలుగురి ముందు చెప్పి ఆయన్ని దోషిలా నిలబెట్టేశాను. ఇన్నేళ్లు తలూపి ఊపి ఆయన్ని అంత ఎత్తు ఎక్కించిందీ నేనే కదా.

పొద్దున్నే టైర్ల షాపుకి వెళ్లాను. షట్టరు ఇంకా సగమే ఎత్తి ఉంది, లోపల అందరూ మగవాళ్లు. వెనక్కి వచ్చేద్దామనిపించింది. "నల్ల మూతలు" అన్నాను, ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. ఏ కారుకో చెప్పబోతుంటే, "అన్నిటికీ ఒకటేనమ్మా, ఎంచుకోవడానికేం లేదు" అన్నాడు షాపాయన, చేయి తుడుచుకుంటూ.

తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి వాడు గాలి కొడుతున్నాడు. నేను మెరిసే మూతలు తీసేసి నల్లవి బిగిస్తూ వచ్చాను. చెవి పెట్టి చూశాను, చప్పుడు లేదు. వాడు పంపు చుట్టేస్తూ, "కొండ దారిలో నడపడం నా వల్ల కాదక్కా. నడిపితే బావే నడపాలి. కానీ నేనొచ్చి పిలిస్తే ఆయనకి మొహం చెల్లదు" అన్నాడు. మరదలు గుమ్మంలో నిలబడి వింటోంది. కాదనలేదు.

చివరి మూత బిగించకుండా గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నారు. మంచం పక్కన కూర్చుని చెయ్యి చాపాను.

"మూడు బిగించానండీ. ఈ నాలుగోది మాత్రం ఎంత తిప్పినా నాకు కూర్చోవడం లేదు. మీరొస్తే గానీ అయ్యేలా లేదు."

పసిపిల్లలు కూడా తిప్పగలిగే మూత అది. ఆయన నా అరచేతిలోకి చూశారు. తర్వాత నా మొహంలోకి చూశారు.

"ఎటు తిప్పావు?" అన్నారు.

"ఏమోనండీ, నాకేం తెలుసు" అని, లేచి చొక్కా అందించాను.